రెంటచింతలలో కుయ్యిమన్న చెవి

పల్నాడు వెళ్లి వచ్చానని చెప్పగానే విశాఖపట్నంలో మావాళ్లు నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. ఎండ ఎలా ఉంది? గొడవలేమైనా జరిగాయా? ఎండ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, మెడ వెనక చర్మం ఇప్పటికీ ఊడుతూనే ఉంది. గొడవ మాత్రం జరిగింది. కత్తులూ కర్రలూ లేకుండా, ఒక ప్లాస్టిక్ చెవి చుట్టూ జరిగింది. అందులో ఓడిపోయినవాణ్ని నేనే కాబట్టి, ఆ ముచ్చట కూడా నేనే చెప్పాలి.

నేను చెవి డాక్టర్ని. సరిగ్గా చెప్పాలంటే, చెవి ఆపరేషన్లు ఎలా నేర్పాలన్నదాని మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ని. చెవి వెనక వేలు పెట్టి చూస్తే గట్టిగా ఒక ఎముక తగులుతుంది. చెవిలో చీము ముదిరి లోపలికి పాకినప్పుడు ఆ ఎముకను సన్నటి డ్రిల్లుతో తొలిచి జబ్బును తీసేయాలి. చిక్కంతా ఎక్కడంటే, ముఖాన్ని కదిలించే నరం ఆ ఎముక లోపలి నుంచే పోతుంది. దానికి డ్రిల్లు తగిలితే ఆ పక్క కన్ను మూతపడదు, మూతి రెండో పక్కకి వంకర పోతుంది. కొత్త డాక్టర్లు ఈ తప్పేదో మనుషుల మీద కాక ముందు ప్లాస్టిక్ మీద చేస్తారని, అచ్చం అలాంటి ఎముకను త్రీడీ ప్రింటర్‌లో తయారు చేయించాను. నరం ఉండే చోట ఒక తీగ పెట్టాను. డ్రిల్లు తగిలితే పక్కనున్న డబ్బా కుయ్యిమంటుంది. దీని మీద వ్యాసాలు బాగానే అచ్చయ్యాయి. వాటిని చదివినవాళ్లకంటే రాసినవాళ్లమే ఎక్కువమందిమని నా అనుమానం.

నరసరావుపేట

ఆ ఎముకలు ఒక పెట్టె నిండా సర్దుకుని, చుట్టుపక్కల ఊళ్ల చెవి డాక్టర్లకు ఒకరోజు శిక్షణ ఇవ్వడానికి నరసరావుపేటలో దిగాను. పొద్దున్నే టిఫిను. మా విశాఖలో ఇడ్లీని సాంబారులో ముంచి తేలుస్తాం. ఇక్కడ పక్కన కారప్పొడి గుట్టగా పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. ప్లేటు నలభై రూపాయలు. మొదటి ముద్దకే నా కళ్ల వెంట నీళ్లు కారాయి. హోటలాయన వచ్చి కారం తక్కువైందా అని అడిగి, నా జవాబు వినకుండానే ఇంకో చెంచా వేసి వెళ్లాడు.

శిక్షణకు వచ్చిన డాక్టర్లు మర్యాదస్తులు. ఎముకలు చాలా బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని డ్రిల్లు పట్టాడు. కాసేపటికి డబ్బా కుయ్యిమంది. ఆయన ఇంకో కాల్ వస్తోందనుకుని ఫోను తీసి చూసుకున్నాడు. నిజం మనిషి అయి ఉంటే ఆ పాటికి సగం నవ్వు పోయేదని నేను చెబితే, ఆయన నవ్వి, మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నాడు.

సాయంత్రం సువార్త కలిసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. సొంత ఊరు రెంటచింతల. చదువయ్యాక నగరాల్లో ఉండకుండా మాచర్లలో చిన్న ఆసుపత్రి పెట్టుకుంది. జనం గులిమి తీయించుకోవడానికీ, గొంతు నొప్పికీ ఆమె దగ్గరికి వస్తారు. కొయ్యడం అనేసరికి గుంటూరు బస్సెక్కుతారు. మైక్రోస్కోపు కొని పెట్టుకుని ఏడాది దాటింది, దాని కింద గట్టి ఆపరేషను ఒక్కటీ జరగలేదు.

ఇప్పుడొక మనిషి దొరికాడు. ఆమె ఊరివాడే, కోటయ్య. ఎడమ చెవి లోపల ఎముకను జబ్బు తినేస్తోంది, నరం దాకా వచ్చేసింది. ఇంకా ఆలస్యం చేస్తే మెదడుకు పాకుతుంది. గుంటూరు పొమ్మంటే పంచాయతీ ఎన్నికలు అయ్యాక పోతానంటాడు, ఎందుకంటే ఆయన సర్పంచి పదవికి నిలబడుతున్నాడు. వంకర మూతితో ఓట్లు అడగడం కుదరదని ఆయన భయం. సువార్త తను చేస్తానంటే ఆయన ఒక మెలిక పెట్టాడట. నువ్వు ప్లాస్టిక్ చెవి మీద నేర్చుకున్నానంటున్నావు గదా, ఆ చెవి మా ఊరు తీసుకురా, మావాళ్ల ముందర చేసి చూపించు, అప్పుడు ఆలోచిస్తాం అని.

ఇది విని నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. నా ఎముకల కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదటిసారి. ఆమె ఆ రాత్రే మాచర్ల వెళ్లిపోయింది, నేను మర్నాడు పెట్టెతో బయల్దేరాను.

బస్సులో, గురజాల మీదుగా

మాచర్ల బస్సులో కిటికీ సీటు దొరకలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన తెల్ల చొక్కా, భుజాన కండువా వేసుకున్న ఒక మనిషి. పేరు బ్రహ్మయ్య అని తరవాత తెలిసింది. పెట్టెలో ఏముందని అడిగాడు. ఎముకలండీ అన్నాను. మా డిపార్టుమెంటులో వాటిని అలాగే అంటాం, ఇంకో మాట తోచలేదు.

బ్రహ్మయ్య భుజం మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లేచి నన్ను కిటికీ పక్కకి జరిపాడు. ముందు సీట్లో పాట వింటున్నవాడి వీపు తట్టి ఫోను ఆపించాడు. నాకు ఇదంతా పల్నాటి అతిథి మర్యాద అనిపించింది. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల దుమ్ము చెట్లనీ కొట్లనీ తెల్లగా కప్పేసి ఉంటే, ఎముక తొలిచినప్పుడు రేగే పొడి కూడా అచ్చం ఇలాగే ఉంటుందని ఉత్సాహంగా చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "మనసు గట్టి చేసుకోవాల సార్. సత్రశాల కాడ కలుపుతున్నారా?" అని అడిగాడు.

అప్పుడు వెలిగింది నాకు. సత్రశాల కృష్ణ ఒడ్డు. నేను అస్థికలు కలపడానికి పోతున్నానని ఆయన నమ్మేశాడు. ఎవరివో చెప్పమంటే చెప్పలేకపోతున్నానని కూడా ఆయనే అనుకుని, నాన్నగారివై ఉంటాయని ఆయనే తేల్చేశాడు. మా నాన్న ఆ సమయానికి విశాఖలో బీచ్ రోడ్డు మీద నడక ముగించి పేపరు చదువుతూ ఉంటాడు. కాదండీ అని నోరు తెరిచేలోపు బ్రహ్మయ్య వాళ్లమ్మ పోయిన సంగతి మొదలెట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఏడుస్తున్న మనిషికి ప్లాస్టిక్ గురించి ఎలా చెబుతాం?

గురజాలలో బస్సు టీకి ఆగింది. బాణలిలో మిరపకాయ బజ్జీలు బంగారు రంగులో పొంగుతున్నాయి. ప్లేటు ముప్పై. డబ్బులు తీయబోతే బ్రహ్మయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ టైములో నూనె సరుకు తినకూడదని చెప్పి, నాకు రెండు అరటిపళ్లు కొనిచ్చి, బజ్జీలు తాను తిన్నాడు. మా వైపు చావు పలకరింపు రెండు మాటలతో ముగిసిపోతుంది. ఇక్కడ ముక్కూ ముఖం తెలియని మనిషి దుఃఖానికి కూడా ఇంత పత్యం పెడతారని ఆ రోజే తెలుసుకున్నాను. రెంటచింతలలో దిగేటప్పుడు ఆయన పెట్టెకి ఒకసారి, నాకు ఒకసారి దణ్ణం పెట్టి వెళ్లాడు.

మాచర్ల

మాచర్లలో ఎటు చూసినా నాపరాళ్లే. నేలకి అవే, అరుగుకి అవే. రాళ్లు కోసే మిషన్ల రొద ఊరి చివర నుంచి వినిపిస్తూనే ఉంటుంది. సువార్త ఇంట్లో జొన్నరొట్టె, నాటుకోడి పులుసు పెట్టారు. బస్సులో అరటిపళ్ల మీద బతికిన కసి అంతా తీర్చుకున్నాను.

మధ్యాహ్నం కోటయ్య, ఆయన భార్య అంజమ్మ ఆసుపత్రికి వచ్చారు. కోటయ్యది రాయి లాంటి ముఖం. మాట్లాడేటప్పుడు పెదవులు కూడా అవసరమైనంతే కదులుతాయి. అదే ముఖం రెంటచింతల బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలో, రెండు చేతులూ జోడించి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండగా అంతకుముందే చూశాను. ఇద్దరూ ఒకరేనని నమ్మడానికి కాస్త టైము పట్టింది.

మైక్రోస్కోపులో చూశాను. సువార్త చెప్పినదానికంటే జబ్బు ముదిరింది. ఎన్నికలయ్యే దాకా ఆగితే గెలిచినా కుర్చీలో కూర్చోవడానికి మనిషి ఉండకపోవచ్చు. ఆ మాటే చెప్పాను, కాస్త మెత్తగా. అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోటయ్య మాత్రం, "రేపు మా ఇంటికాడ కూర్చుందాం. మావోళ్లు ఒప్పుకుంటే కోయిచ్చుకుంటా," అన్నాడు.

వాళ్లు వెళ్లాక సువార్త మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పింది. కోటయ్య గుంటూరు పోడని ఆమెకు తెలుసు. తన దగ్గర చేయించుకోకపోతే ఇక ఎక్కడా చేయించుకోడు. ఆయనకేమైనా అయితే, సొంత ఊరివాణ్ని కళ్ల ముందే పోగొట్టుకున్న డాక్టరమ్మగా మిగిలిపోతాను సార్ అంది. నేను ధైర్యం చెప్పాను. ప్రొఫెసర్లకు అది జీతంలో భాగమే.

రెంటచింతల

మర్నాడు పొద్దున్నే మైక్రోస్కోపూ, డ్రిల్లూ, నా పెట్టే ఆటోలో సర్దుకుని రెంటచింతల వెళ్లాం. పొద్దున్నే అన్నది మా లెక్క. అక్కడి సూర్యుడు డ్యూటీ ఎక్కి అప్పటికే చాలాసేపైనట్టుంది. చర్చి పక్క సందులోంచి వెళ్తుంటే నేల మీద పరిచిన పట్టాల నిండా ఆరబోసిన మిరపకాయలు. నేను తుమ్ముతూనే కోటయ్య ఇంటి ముందు దిగాను.

నలుగురైదుగురు పెద్దమనుషులు ఉంటారనుకున్నాను. షామియానా వేసి ఉంది. కుర్చీలు వేశారు. ఇంట్లో టీవీ తెచ్చి బల్ల మీద పెట్టారు, మైక్రోస్కోపు కెమెరా దానికి తగిలించడానికి. ఒక మూల రెండు పెద్ద స్పీకర్లు, చేతిలో మైకుతో తెల్ల చొక్కా మనిషి. బ్రహ్మయ్య. కోటయ్యకు స్వయానా బావమరిది.

నన్ను చూడగానే గబగబా వచ్చాడు. కార్యక్రమం బాగా జరిగిందా అని మెల్లగా అడిగాడు. ఈలోపు సువార్త పెట్టె మూత తీసి, తెల్లటి ప్లాస్టిక్ ఎముకలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. బ్రహ్మయ్య వాటిని చూశాడు. నన్ను చూశాడు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇదా మీ నాన్న?" అన్నాడు. ఆ తరవాత ఆయన నాతో మర్యాద తగ్గించలేదు కానీ, సార్ అనే మాటను కాస్త గట్టిగా పలకడం మొదలెట్టాడు.

పల్నాటిలో ఎడ్ల బండలాగుడు పోటీలంటే ప్రాణం. కోటయ్య కొట్టంలో ఒంగోలు గిత్తల జత ఉంది, చాలా బహుమతులు తెచ్చిన జత. ఆ పోటీల్లో మైకు పట్టుకుని జనాన్ని ఊపేసేది బ్రహ్మయ్యేనట. మా ఆపరేషను కూడా ఆయన లెక్కలో ఇంకో పోటీ. సువార్త డ్రిల్లు ఆన్ చేయగానే స్పీకర్లు మోగాయి. అదిగో అమ్మాయి బరిలోకి దిగింది, ఎముక మీద చెయ్యి వేసింది, నీళ్లు పోస్తా ఉంది, తొందరలేదు అంటూ మొదలెట్టాడు. చెవుల ఆరోగ్యం కోసం జీవితం ధారపోసిన నేను, ఆ స్పీకరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

సువార్త ఎవరినీ చూడలేదు. మైకు కూడా వినిపించనట్టే ఉంది. టీవీలో ఎముక పొర పొరగా తరిగిపోతుంటే వెనక కూర్చున్నవాళ్లు లేచి ముందుకొచ్చారు. నరం దగ్గరికి వచ్చిందని నేను చెప్పగానే బ్రహ్మయ్య కూడా గొంతు తగ్గించేశాడు. డ్రిల్లు తీగ పక్కనే, దాని వెంటే, పొడుగూతా వెళ్లింది. డబ్బా నోరు మెదపలేదు. ఆమె డ్రిల్లు పక్కన పెట్టినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ముందుగా చప్పట్లు వినిపించాయి.

అక్కడితో అయిపోవాల్సింది. ఒక పెద్దాయన లేచి, ఇంత పెద్ద ప్రొఫెసరు ఇక్కడే ఉండగా పిల్ల చేత ఎందుకు చేయించాలి, ఆయన్నే చెయ్యమందాం అన్నాడు. కొందరు తలలూపారు. సువార్త ముఖం పాలిపోయింది. కాదు, చేయాల్సింది ఆమే, రేపు కట్టు విప్పాల్సిందీ, ఏడాది పొడుగునా చూసుకోవాల్సిందీ ఆమే అని నేను వెంటనే చెప్పి ఉండాల్సింది. చెప్పాను కూడా. కానీ చెప్పే ముందు ఒక్క క్షణం హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి, ఆ క్షణం నా ముఖంలో కనిపించే ఉంటుంది.

బ్రహ్మయ్య మైకు ఎత్తాడు. "ఒక్క జతనే లాగిచ్చి గెలిచిందంటామా? రెండో జత కూడా దిగాల. సార్ కూడా చేసి చూపిచ్చాల." జనం ఒక్కసారిగా ఔనన్నారు. బస్సులో కార్చిన కన్నీళ్లకు ఆయన ఇలా వడ్డీ వసూలు చేస్తున్నాడని నాకు అర్థమైంది.

కొత్త ఎముక బిగించారు. నేను కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఈ ఎముకల గురించి రాయడం మొదలెట్టాక నేను వాటిని తొలవడం బాగా తగ్గింది. అయినా చేతికి అలవాటే కదా అనుకున్నాను. పైగా జనం ఉన్నారు, మైకు ఉంది. తొలుస్తూనే పాఠం చెప్పడం మొదలెట్టాను. ఇదిగో ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, చాలామంది సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు అని టీవీ వైపు తిరిగి చెబుతుండగా డబ్బా కుయ్యిమంది.

బ్రహ్మయ్య మైకు డబ్బాకి దగ్గరగా పెట్టాడు. ఆ కుయ్ చర్చి దాకా వినిపించి ఉంటుంది. కొట్టంలో గిత్తలు కూడా తలెత్తాయి. జనం నా వైపు జాలిగా చూశారు, నిజంగానే నాన్న పోయినవాణ్ని చూసినట్టు. నా పరువు అంతా ఆ మిరపకాయల మధ్య ఆరబోసినట్టయింది.

కోటయ్య లేచాడు. సువార్త దగ్గరికి వెళ్లి ఎప్పుడు రమ్మంటావని అడిగాడు. ఆమె ఎల్లుండి రమ్మంది. ఆయన నా వైపు తిరిగి, "సార్, మీరు పక్కన నిలబడండి. చెయ్యి మాత్రం పెట్టబాకండి," అన్నాడు.

తిరుగు ఆటోలో సువార్త కళ్ల నిండా నీళ్లతో, కావాలనే తగిలించారు కదా సార్ అని అడిగింది. నా కోసం అంతమందిలో తల దించుకున్నారు అంది. నేను పొలాల వైపు చూస్తూ కూర్చున్నాను. గురువు మౌనానికి అర్థం చెప్పుకునే బాధ్యత శిష్యులదే అని మనకో సంప్రదాయం ఉంది. దాన్ని ఆ రోజు బాగా వాడుకున్నాను.

మళ్లీ మాచర్ల

ఆపరేషను రోజు మత్తు డాక్టరు నరసరావుపేట నుంచి వచ్చాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, ఇచ్చిన మాట ప్రకారం. జబ్బు నరాన్ని అంటిపెట్టుకుని ఉంది. సువార్త దాన్ని చిన్న చిన్న తునకలుగా తీస్తుంటే నాకు భయమేసింది. ప్లాస్టిక్ దగ్గర ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటి అప్పుడు మనసుకు తగిలింది. మనిషి లోపల డబ్బా ఉండదు. నరానికి దెబ్బ తగిలినా ఏ చప్పుడూ రాదు. మనిషి మత్తులోంచి లేచి ముఖం కదిపేదాకా చేసినవాళ్లకు కూడా తెలియదు. ఇన్నేళ్లుగా నేను నేర్పింది చప్పుడును చూసి భయపడటం. ఆమె భయపడుతున్నది నిశ్శబ్దాన్ని చూసి.

అయిపోయాక కోటయ్యను మంచం మీదికి మార్చారు. తల చుట్టూ పెద్ద కట్టు. అంజమ్మ ఒక పక్క, బ్రహ్మయ్య ఒక పక్క. ఈసారి ఆయన చేతిలో మైకు లేదు, కండువా మెలిపెట్టుకుంటున్నాడు. మెల్లగా మెలకువ వచ్చింది. కళ్లు గట్టిగా మూయి బాబాయ్ అని సువార్త అడిగింది. ఆయన మామూలుగా మూసి మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. గట్టిగా మూస్తేనే లెక్క.

ఇంకోసారి లేపి, నవ్వు బాబాయ్, ఒక్కసారి నవ్వు అంది. కోటయ్య తన మామూలు ముఖంతో పైకి చూశాడు. ఆ ముఖంలో ఏ పక్కా కదల్లేదు. కదలకపోవడం నరం వల్లో, అలవాటు వల్లో తెలిసే దారి లేదు.

"ఆయన నవ్వగా నేనే చూడలేదు గదమ్మా," అంది అంజమ్మ.

మరి ఫ్లెక్సీలో అంత నవ్వు ఉందే అన్నాను నేను. అది ఫొటో స్టూడియోవాడు కంప్యూటర్లో పెట్టిందట. పోనీ పళ్లు చూపించమంటే కోటయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. పళ్లు చూసేది గిత్తలు కొనేటప్పుడే అంటాడమ్మా ఈయన అని అంజమ్మ విసుక్కుంది. సువార్త మాస్కు తీయలేదు. మంచం కమ్మీని పట్టుకుని ఆయన పెదవుల వైపే చూస్తోంది. ఆమె ఏడాది ఎదురుచూపూ, ఆయన మూతీ, ఊరికి ఆమె మీద ఏర్పడబోయే నమ్మకమూ అన్నీ ఒక మొండి మనిషి నవ్వు మీద ఆగి ఉన్నాయి.

కోటయ్య కళ్లు మెల్లగా నా వైపు తిరిగాయి. దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. వంగాను. పెదవులు కదిలీ కదలకుండా, గొంతులోంచి అడిగాడు.

"సార్, నిజం జెప్పండి. ఆ పొద్దు... కావాలనే తగిలిచ్చారా?"

సువార్త నా వైపు చూసింది. బ్రహ్మయ్య కూడా చూశాడు. ఈ రెండు రోజులుగా రెంటచింతల అంతా దీని మీదే రెండు వర్గాలైందట. ఔనని ఒక్క మాట అంటే చాలు, పోయిన పరువు మొత్తం తిరిగొస్తుంది. శిష్యురాలి కోసం తల వంచిన గురువుగా ఊళ్లో నా పేరు నిలిచిపోతుంది. మాట నోటి దాకా వచ్చింది కూడా.

"లేదండీ," అన్నాను. "నిజంగానే తగిలింది."

కోటయ్య ముందు కళ్లు గట్టిగా మూశాడు, రెండూ. తరవాత నవ్వాడు. కట్టు కదిలేంతగా, పళ్లన్నీ కనిపించేలా, రెండు పక్కలా సమానంగా.